తొంభై ఏడో పేజీ

సెప్టెంబర్ 21

జీపార్ అక్క ఇవాళ నా సిద్ధాంత గ్రంథాన్ని స్కేలు పెట్టి కొలిచింది. నిజంగా స్కేలే. చెక్కది, అంకెలు సగం అరిగిపోయాయి. డాక్టరేట్ ఇచ్చే కౌన్సిల్ ఆఫీసులో ఆవిడ ఉద్యోగమే అది. ఒక్క వాక్యం చదవదు. అంచులు కొలుస్తుంది, శీర్షిక చివర చుక్క ఉందేమో చూస్తుంది, పేజీ అంకె ఉండాల్సిన చోట ఉందో లేదో చూస్తుంది. నా పేజీల్లో ఏదీ ఉండాల్సిన చోట లేదు.

"చెల్లెమ్మా, ఇది థీసిసా, గొర్రెల మందా? ఒక్కో పేరా ఒక్కో కొండెక్కింది," అని కట్టంతా నా చేతిలో పెట్టింది. "కుదురుగా మేపుకుని తీసుకురా."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. డిసెంబర్ ఆఖరుకి మా కౌన్సిల్ గడువు తీరిపోతుంది. మళ్ళీ కొత్త కౌన్సిల్ ఎప్పుడు వేస్తారో దేవుడికే తెలియాలి, పోయినసారి నాలుగేళ్ళు పట్టింది. నా గైడ్ సోనున్ అక్కకి డెబ్బై ఆరేళ్ళు. "ఇంకో నాలుగేళ్ళు ఆగండక్కా" అని ఏ మొహం పెట్టుకుని అంటాను?

సెప్టెంబర్ 22

ఎర్‌కిన్‌కి చూపించాను. మా ఆయన నీటిపారుదల శాఖలో కాలవల మీద రిపోర్టులు రాస్తాడు. వాటిని కాలవలు కూడా చదవవు గానీ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఏదో బటన్ నొక్కాడు. తెర నిండా చుక్కలు, మిరియాలు ఒలకబోసినట్టు.

"ఇవేంటి?"

"నువ్వు కొట్టిన స్పేసులు. శీర్షికని మధ్యకి తీసుకురావడానికి దాన్ని వెనక నుంచి తోశావు కదా? ఒక్కో తోపుకీ ఒక్కో చుక్క."

"మరి ఎలా తేవాలి?"

"మైరమ్, నువ్వు ప్రతి పేరాకీ ఎలా కనపడాలో చెప్తున్నావు. అలా చెప్పకు. అదేంటో చెప్పు చాలు. ఇది శీర్షిక, ఇది మామూలు మాట, ఇది పాట. ఎలా కనపడాలో స్టైల్ చూసుకుంటుంది."

పదహారేళ్ళ కాపురంలో ఇంత ఓపిగ్గా నాకేదీ చెప్పిన గుర్తు లేదు. ఆ మాటే అన్నాను. "కాలవలు ఎదురు మాట్లాడవు కదా, వాటి దగ్గర అలవాటైంది," అన్నాడు.

సెప్టెంబర్ 25

ఇంత సుఖం ఉందని ఎవరూ చెప్పలేదే! ఒక్క చోట మారిస్తే అన్ని శీర్షికలూ మారిపోతున్నాయి. నేను సొంతంగా రెండు స్టైల్స్ తయారు చేశాను. ఒకదాని పేరు "జోలపాట", రెండోది "అవ్వల మాట". కోక్-బెల్ లోయలో అయిదు వేసవులు తిరిగి పోగేసిన పాటలన్నీ మొదటిదానిలో, ఆ ముసలమ్మలు చెప్పిన కబుర్లన్నీ రెండోదానిలో. ఎడమ అంచు కాస్త జరిపితే పాటలన్నీ ఒక్కసారి జరిగాయి, బడిపిల్లలు గంట కొట్టగానే లేచినట్టు. మళ్ళీ వెనక్కి జరిపాను. మళ్ళీ ముందుకి.

పాప బడి నుంచి వచ్చి ఆకలంటే అప్పుడు లేచాను.

సెప్టెంబర్ 30

ఇవాళ చాలా పని అయింది. పాటల్లో వరుసల మధ్య ఎడం మార్చాను.

అక్టోబర్ 2

చరణానికీ చరణానికీ మధ్య ఎడం కూడా.

అక్టోబర్ 4

విషయసూచిక తనంతట తనే తయారైంది! ఇన్నాళ్ళూ శీర్షికలు చేత్తో కొట్టి, ఎదురుగా చుక్కలు కొట్టి, పేజీ అంకె వేసి, మర్నాడు ఒక పేరా కలిపితే అన్నీ తప్పయి, మళ్ళీ కొట్టి... ఇప్పుడు ఒక్క నొక్కు. శీర్షిక స్టైల్ ఎక్కడెక్కడ ఉందో అదే వెతుక్కుని, అంకెలు అదే వేసుకుంది. ఎర్‌కిన్‌ని వంటింట్లోంచి పిలిచి చూపించాను. చేతులకి పిండి, లగ్మాన్ నూడుల్స్ కోసం పిండి సాగదీస్తున్నాడు.

మోచేత్తో తెర చూపిస్తూ చదివాడు. "3.2. 'నిద్రపో గొర్రెపిల్లా' పాట, దాని పుట్టుక. బాగుంది. ఏం రాశావు దీన్లో?"

"రాస్తాను."

"జూన్ నుంచీ రాస్తానంటున్నావు."

"ముందు ఇవన్నీ సర్దుకోనీ. ఇల్లు సర్దకుండా అతిథిని పిలుస్తామా?"

"సర్దుతూనే ఉండు," అని వెళ్ళిపోయాడు. పిండి సాగదీసి బల్లమీద కొడుతున్న చప్పుడు కాస్త గట్టిగానే వినిపించింది.

ఆయనకి తెలుసు. జూన్‌లో లోయ నుంచి దిగొచ్చిన రోజే చెప్పేశాను. ఇంకెవరికీ చెప్పలేదు. ఇక్కడ ఒకసారి వరసగా రాసుకుంటే ఏమైనా తేలికవుతుందేమో.

ఆ పాట దేశమంతా పాడతారు. బడి పుస్తకంలో ఉంది, రేడియోలో వస్తుంది. మా పాపని మొదటిసారి ఊయల తొట్టిలో కట్టి పడుకోబెట్టిన రోజు సోనున్ అక్క స్వయంగా వచ్చి ఆ పాటే పాడింది. వయసులో ఉండగా ఆవిడే దాన్ని కోక్-బెల్‌లో, షాకిన్ అనే ఆవిడ నోటి నుంచి రికార్డు చేసి తెచ్చింది. అది మూడు వందల ఏళ్ళ నాటి పాట అని పుస్తకం రాసింది. ఆ పుస్తకమే ఆవిడ పేరు, ఆవిడ బతుకు.

షాకిన్ కోడలు బాతిమ్ అవ్వ ఇంకా ఉంది. ఆవిడ జూన్‌లో నాకు పులిసిన గుర్రప్పాల కుమీస్ పోస్తూ, వాతావరణం సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. "అది పాతదేంటే తల్లీ, మా అత్త కట్టిందే. మా ఆయన తొట్టిలో ఉన్నప్పుడు. మా అత్త అనాథాశ్రమంలో పెరిగిన మనిషి, ఆవిడకి జోల పాడిన వాళ్ళెవరు? ఆవిడకి రాకే తనే కట్టుకుంది. ఆ పట్నం పిల్లేమో వానలో లారీ మీద కనుమ దాటి వచ్చింది, అంత లావు రికార్డర్ మోసుకుని, పళ్ళు టకటకమంటున్నాయి. మీ లోయలో అన్నిటికంటే పాత జోలపాట కావాలంది. ఇంటికొచ్చిన అతిథిని ఖాళీ చేతుల్తో పంపుతామా? మా అత్త తన పాటే పాడి, మా అవ్వల నాటిదని చెప్పి పంపింది. కొత్తది అనిపించే చరణం ఒకటి దాచేసింది."

అడిగితే ఆ చరణం కూడా పాడింది. నా ఫోన్‌లో ఉంది. పొరుగూళ్ళో మరో ఇద్దరు అవ్వల్ని విడివిడిగా అడిగాను. ఇద్దరూ అదే మాట.

ఇదీ 3.2. తేలిక కాలేదు.

అక్టోబర్ 10

సోనున్ అక్క ఇంటికి వెళ్ళాను. ఆవిడ తెర మీద చదవదు, అచ్చు వేసి పట్టుకెళ్ళాలి. రొట్టె, ద్రాక్ష తీసుకెళ్ళాను. పాలు పోసిన టీ, నేరేడు రంగు గిన్నెలో నూనెలో వేయించిన బోర్సోక్ ముక్కలు, ఆప్రికాట్ జామ్. ఎప్పటిలాగే ముందు నన్ను తినమంది. ఎప్పటిలాగే ముందు విషయసూచిక తీసింది.

"ఇంట్లోకి వెళ్ళే ముందు గుమ్మాలు చూసుకోవాలి," అంటుంది ఎప్పుడూ. పెన్సిల్‌తో ఒక్కో వరుసా దిగుతూ వచ్చింది. "అబ్బ, ఎంత శుభ్రంగా ఉందే! ఎవరు నేర్పారు?"

"ఎర్‌కిన్."

"కాలవల వాడా? మెచ్చుకున్నానని చెప్పు." పెన్సిల్ ఆగింది. "3.2 తొంభై ఏడో పేజీ. 3.3 కూడా తొంభై ఏడో పేజీయే. ఏమే, ఇద్దరూ ఒకే గదిలో కాపురమా?"

నా చేతిలో బోర్సోక్ అలాగే ఉంది. చేత్తో కొట్టిన సూచిక అయితే ఏ అంకె కావాలంటే ఆ అంకె వేసేదాన్ని. ఇది మాత్రం ఉన్నది ఉన్నట్టు వేసుకుంది. శీర్షిక ఉంది, కింద ఏమీ లేదు, మరుక్షణం 3.3 మొదలు.

"కంప్యూటర్ తప్పు అక్కా," అన్నాను.

"ఊఁ. దానికీ నాలాగా వయసొచ్చిందేమో." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నా పాట గురించేగా అది? బాగా రాయి. నేను రాసినప్పుడు నాకు ముప్ఫై కూడా నిండలేదు, తొందరెక్కువ. నువ్వు నాకంటే బాగా రాస్తావు."

వచ్చేటప్పుడు జామ్ సీసా ఇచ్చింది. మెట్ల మీద బరువుగా అనిపించింది.

అక్టోబర్ 11

కంప్యూటర్ తప్పు కాదు.

అక్టోబర్ 13

పరిష్కారం దొరికింది. ఇంత చిన్న విషయానికి ఇంతకాలం ఎందుకు నలిగిపోయానో!

3.2 శీర్షికని తీసేశాను. అంతే. 3.3 ముందుకు జరిగి తనే 3.2 అయింది, వెనకవన్నీ దాని వెంట జరిగాయి. సూచిక ఒక్కసారి నొక్కాను. ఎక్కడా ఖాళీ లేదు. అక్కడ ఏదో ఉండేదన్న ఆనవాలు కూడా లేదు. పాట అనుబంధంలో తన చోట తను ఉంది. చదివేవాళ్ళు చదువుకుంటారు. ఒక్క పాట పుట్టుక గురించి రాయకపోతే జానపద శాస్త్రం ఆగిపోదు. ఇది పెద్దవాళ్ళ మీద గౌరవం, పిరికితనం కాదు. గౌరవానికీ పిరికితనానికీ చాలా తేడా ఉంది.

అక్టోబర్ 14

చాలా తేడా ఉంది.

అక్టోబర్ 20

"అవ్వల మాట" స్టైల్‌ని వాలు అక్షరాల్లో పెట్టాను. బాగాలేదు. తీసేశాను. కింది నోట్స్ అన్నీ ఒక సైజుకి తెచ్చాను. ఎర్‌కిన్ అడిగాడు, ఎక్కడిదాకా వచ్చిందని. అయిపోయినట్టే అన్నాను. 3.2 గురించి అడగలేదు. సూచిక చూశాడనుకుంటాను. నాకు టీ పోసి, పక్కన కూచుని, తన కప్పులోకే చూస్తూ తాగి లేచి వెళ్ళాడు. తిట్టినా బాగుండేది.

జామ్ సీసా మూత తియ్యలేదు ఇంకా. పాప అడుగుతోంది.

అక్టోబర్ 27

అచ్చు వేసే కొట్టు నుంచి తిన్నగా జీపార్ అక్క దగ్గరికి. వేడి వేడి కాగితాలు. బయట అప్పుడే చలిపొయ్యిల బొగ్గు పొగ మొదలైంది, ఆఫీసులో కిటికీలన్నీ మూసేశారు. స్కేలు పెట్టింది. ఎడమ అంచు ముప్ఫై మిల్లీమీటర్లు. నలభయ్యో పేజీ ముప్ఫై. నూరో పేజీ ముప్ఫై.

"వారెవ్వా!" అంది. ఆవిడ నోట ఆ మాట వింటానని అనుకోలేదు. "మంద దారికొచ్చిందే." ఇంకా తిప్పుతూ ఆగింది. "ఇదేంటి చెల్లెమ్మా?"

పేజీ మధ్యలో, నా వాక్యంలో, లావు నల్లటి అక్షరాలు. "ఈ పాట పుట్టుక గురించి చూడండి:" అని నేను రాసిన చోట "తప్పు! సూచించిన చోటు దొరకలేదు." అని ఉంది. మరో పేజీలో మళ్ళీ. రెండో అధ్యాయంలో రెండు చోట్ల. ముగింపులో కూడా.

ఎర్‌కిన్ నేర్పిన మొదటి రోజుల్లో సరదాపడి పెట్టుకున్నాను అవి. ఎక్కడ 3.2 ప్రస్తావన వచ్చినా అంకె చేత్తో వెయ్యకుండా ఆ శీర్షికకి ముడి వేశాను, అంకె మారితే అదే మారేటట్టు. శీర్షిక తీసేసినప్పుడు ముడులు గుర్తులేవు. తెర మీద పాత అంకెలే ఉన్నాయి. అచ్చు వేసేటప్పుడు అవన్నీ వెతుక్కుంటూ వెళ్ళి, దొరక్క, అలా రాసిపెట్టాయి.

"నేను చదవను, నీకు తెలుసుగా. కానీ ఇంత లావుగా అరిస్తే ఎవరికైనా వినపడుతుంది," అంది జీపార్ అక్క. గొంతు మాత్రం తగ్గించింది, పక్క బల్ల వాళ్ళకి వినపడకుండా. "ఏదో తీసేసి, ఊరంతా దాన్నే పిలుస్తూ తిరుగుతున్నావు. పిలవడం మానెయ్, లేదా దాన్ని తెచ్చి దాని చోట పెట్టు. నాకేదైనా ఒకటే. నవంబర్ ఇరవైకి నా బల్ల మీద ఉండాలి, మీ గైడ్ సంతకంతో సహా. ఇరవై ఒకటిన తెస్తే నేను కాదు కదా, రెక్టర్ కూడా ఏమీ చెయ్యలేడు."

అక్టోబర్ 28

ఆదివారం. ఎర్‌కిన్‌కి ఆ పేజీలు చూపించాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"పిలుపులు తీసెయ్యడం అయిదు నిమిషాల పని," అన్నాడు. "చెయ్యనా?"

ఆ పేజీలు లాక్కుని బోర్లించాను.

"నీకు ఏది కష్టం? అది రాయడమా, రాశాక ఆవిడ మొహం చూడడమా?"

"మొహం."

"అయితే ముందు రాయి. మొహం సంగతి తర్వాత."

"అంత తేలికేం కాదు ఎర్‌కిన్. ఆవిడ లేకపోతే నేను ఇంకా ఊళ్ళో బడిపిల్లలకి హాజరు వేస్తూ ఉండేదాన్ని. ఆవిడకి పిల్లల్లేరు, నీకు తెలుసుగా. ఉన్నది ఆ పుస్తకం, నేను."

"అందుకే," అన్నాడు. "ఇంకెవరో ఎప్పుడో రాస్తే ఆవిడకి బాగుంటుందా?"

మొదటి అధ్యాయం తీసి చదివాను. నా సొంత వాక్యాలు చదివి చాలా రోజులైంది, వాటి ఎడాలు మాత్రమే చూస్తున్నాను. ప్రతి అధ్యాయంలోనూ నేను ఆ గది వైపే దారి చూపిస్తూ వచ్చాను. అది లేకుండా మిగతా ఇల్లు దేనికో నాకే తెలియలేదు.

నవంబర్ 3

రాస్తున్నాను. ఏ స్టైలూ పెట్టడం లేదు.

నవంబర్ 6

అయింది. పన్నెండు పేజీలు. బాతిమ్ అవ్వ చెప్పింది చెప్పినట్టు. షాకిన్ ఎవరు, ఎక్కడ పెరిగింది, ఏ తొట్టి దగ్గర ఆ పాట కట్టింది. దాచిన చరణం. చివర్లో "కొందరు పరిశోధకులు ఈ పాటను మూడు వందల ఏళ్ళ నాటిదిగా భావించారు" అని రాశాను. కొందరు. ఆ మాట దగ్గర చాలాసేపు కూచున్నాను. అంతకంటే నాకు చేత కాలేదు.

తర్వాత శీర్షిక పెట్టి, ముడులన్నీ మళ్ళీ వేసి, సూచిక నొక్కాను. 3.2 తొంభై ఏడు. 3.3 నూట తొమ్మిది.

నవంబర్ 8

వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను.

టీ పోసింది. నేను ఆ పేజీలు మాత్రమే తీసి ముందు పెట్టాను. "కంప్యూటర్ బాగుపడిందా?" అని నవ్వుతూ కళ్ళజోడు పెట్టుకుంది. చదువుతూ చదువుతూ నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు, చూస్తూనే ఉన్నాను గానీ చూడలేదు. పన్నెండు పేజీలూ ఆగకుండా చదివింది. పెన్సిల్ ఒక్కసారి కూడా కాగితాన్ని తాకలేదు.

"షాకిన్ నాకు అబద్ధం చెప్పిందంటావు."

"అబద్ధం కాదక్కా. మీరు వానలో తడిసి వచ్చారట. పళ్ళు..."

"వాన గుర్తుంది నాకు. నా తల తుడిచింది ఆవిడే." పేజీల అంచులు సర్ది పక్కన పెట్టింది. "కోడలు బతికే ఉందా? అప్పుడు కొత్త పెళ్ళికూతురు, చిన్నపిల్ల, తలుపు చాటున నించుని నవ్వుతూ ఉండేది."

"ఉందక్కా. మూడో చరణం పాడింది."

"పెట్టు."

ఫోన్ బల్ల మీద పెట్టాను. బాతిమ్ అవ్వ గొంతు, వెనక ఎక్కడో కుక్క మొరుగుడు. మొదటి రెండు చరణాలూ అందరికీ తెలిసినవే. తర్వాత:

"మీ నాన్న ట్రాక్టరు ఆగిపోయింది,
పాలు పితికేదాకా రాడు,
నువ్వు నిద్రపో గొర్రెపిల్లా,
మేలుకోడానికి నేనున్నా."

పాట అయిపోయాక కుక్క ఇంకా మొరుగుతూనే ఉంది. నేనే ఆపాను.

"జూన్‌లో విన్నావా ఇది?"

"అవునక్కా."

"ఇది నవంబర్." కళ్ళజోడు తీసింది, తుడుచుకోలేదు. "షాకిన్‌కి నేనెవరు? దారే పోయే పట్నం పిల్ల. ఖాళీ చేతుల్తో పంపలేక, నేను అడిగిందే నా చేతిలో పెట్టింది. ఆవిడని ఏమీ అనను. నీకేమైందే? నేను నీకు అతిథినా? నా ఎదురుగా కూచుని, నా జామ్ తింటూ, కంప్యూటర్ తప్పు అన్నావు."

ఏడుపు వచ్చింది. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. ఓదార్చలేదు.

"పేజీలు ఉంచు. అన్నీ ఉంచు. వెళ్ళు."

ఏమీ ఇవ్వలేదు ఈసారి. మెట్లు దిగుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నవంబర్ 11

ఫోన్ లేదు. నేనూ చెయ్యలేదు. జామ్ సీసా తెరిచాం. పాప సగం తినేసింది.

నవంబర్ 14

లేదు.

ఎర్‌కిన్ ఇవాళ నా పక్కన కూచుని నా స్టైల్స్ అన్నీ చూశాడు. "జోలపాట", "అవ్వల మాట". "పేర్లు బాగా పెట్టావు," అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

నవంబర్ 16

మొదటి మంచు. పాఠం చెప్పడానికి వెళ్ళి రెండు గంటలు ఏం చెప్పానో గుర్తులేదు. సంతకం లేకపోతే పోనీ. కౌన్సిల్ పోనీ. ఆవిడ మాట్లాడితే చాలు.

ఇది నిజంగానే రాస్తున్నానా? అవును. నిజమే.

నవంబర్ 19

జీపార్ అక్క ఫోన్. "చెల్లెమ్మా, మీ సోనున్ అక్క వచ్చి వెళ్ళింది. ఈ మంచులో, కర్ర పట్టుకుని, ఒక్కతే. నాకు ప్రాణం పోయినంత పనైంది. పేజీలు ఇచ్చి వెళ్ళింది. వచ్చి తీసుకో."

మినీబస్సు కోసం ఆగలేక నడిచి వెళ్ళాను. ఆవిడ వెళ్ళిపోయింది. అభిప్రాయ పత్రం ఉంది, కింద సంతకం, ఎప్పటిలా నిటారుగా. "కౌన్సిల్ ముందు మౌఖిక పరీక్షకు అర్హమైనది. ముఖ్యంగా 3.2." అంతే రాసింది దాని గురించి.

తొంభై ఏడో పేజీలో పెన్సిల్ గీతలు. శీర్షిక కొట్టేసి పైన రాసింది: "షాకిన్ జోలపాట". నూట ఎనిమిదో పేజీలో "కొందరు పరిశోధకులు" అన్న రెండు మాటలు కొట్టేసి ఉన్నాయి. పైన ఆవిడ చేతిరాతలో తన పూర్తి పేరు, పెద్ద అక్షరాలతో: "సోనున్ కాదిరోవా". భావించారు అన్నచోట "పొరబడింది" అని ఉంది.

ఆఫీసులో నిలబడే చదివాను. జీపార్ అక్క నాకు కుర్చీ జరిపింది.

"నన్ను ఒక్క మాట అడిగింది," అంది. "పేరు శీర్షికలో పెడితే ముందు పేజీ సూచికలో కూడా తనంతట తనే వస్తుందటగా అని. వస్తుందక్కా, ఇప్పుడు అలాగే చేస్తున్నారు అన్నాను. మంచిది, ముందు పేజీ అందరూ చదువుతారు అంది. ఏంటమ్మా, ఎవరీ షాకిన్?"

చెప్పాను. జీపార్ అక్క పదేళ్ళలో మొదటిసారి ఒక థీసిస్ లోపల ఏముందో అడిగింది. చెప్పడం అయ్యాక స్కేలు తీసి ఎడమ అంచు కొలిచింది, అలవాటుగా. ముప్ఫై.

రేపు మార్చి ఇచ్చేస్తాను. ఆవిడకి ఫోన్ చేశాను. ఎత్తింది. "చూశావా?" అంది. చూశానన్నాను. "సరే," అని పెట్టేసింది.

డిసెంబర్ 18

అయింది. కౌన్సిల్‌లో అందరూ అనుకూలంగానే ఓటు వేశారు. 3.2 మీద ఒక పెద్దాయన గట్టిగా నిలదీశాడు: "బడి పుస్తకంలో ఉన్నదాన్ని ముగ్గురు ముసలమ్మల మాట మీద మార్చమంటారా?" నేను నోరు తెరిచేలోపు సోనున్ అక్క, "ఆ బడి పుస్తకంలో ఉన్నది నా మాట. నేను ఒక్క ముసలమ్మ మాట మీదే రాశాను," అంది. హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

మౌఖిక పరీక్ష తర్వాత విందు, హోటల్ వెనక గదిలో. పలావు, గుర్రపు మాంసం, ఎర్‌కిన్ వాళ్ళ ఆఫీసు వాళ్ళు పంపిన కేకు. సోనున్ అక్క ఎదురు బల్ల దగ్గర కూచుంది. ఆవిడ నవంబర్ తర్వాత నన్ను "ఏమే" అనలేదు. మర్యాదగా మాట్లాడుతోంది. ఆ మర్యాద నాకు మెతుకు మింగుడు పడనివ్వలేదు.

వరసగా ఒక్కొక్కళ్ళూ లేచి దీవిస్తూ రెండు మాటలు చెప్పారు. ఆవిడ వంతు వచ్చింది. కర్ర పట్టుకుని లేచింది.

"నాకు మాటలు అయిపోయాయి," అంది. "పాట పాడతాను. షాకిన్ పాట."

మొదటి చరణం మొదలుపెట్టగానే బల్లలన్నీ గొంతు కలిపాయి, ఆ పాట రానివాళ్ళు ఎవరు? జీపార్ అక్క అందరికంటే గట్టిగా. రెండో చరణం కూడా అలాగే. మూడో చరణం దగ్గర గొంతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి, ఎవరికీ రాదు. ఆవిడ ఒక్కతే పాడింది. గొంతు సన్నబడింది గానీ తప్పలేదు. "మీ నాన్న ట్రాక్టరు ఆగిపోయింది, తెల్లవారేదాకా రాడు..."

పూర్తయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ కూచోకుండానే బల్లలన్నీ దాటి నా వైపు చూసింది.

"సరిగ్గా పాడానా, ఏమే?"

అందరూ నన్నే చూస్తున్నారు. పక్కనుంచి ఎర్‌కిన్ కాలు నా కాలికి తగిలింది. ఎందుకు తగిలించాడో ఇంకా అడగలేదు.

"లేదక్కా," అన్నాను. "తెల్లవారేదాకా కాదు. పాలు పితికేదాకా."

ఆవిడ కర్రతో నేల మీద ఒక్కటి కొట్టింది.

"ఆగండి," అంది గదినంతటినీ ఉద్దేశించి. "మళ్ళీ పాడతాను."